ఎందుకు తీసేయకూడదు

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున మణెమ్మ వదిన మనవరాలిని వెంటబెట్టుకుని పంజాగుట్టలోని మా ఫ్లాటుకు వచ్చింది. బల్కంపేట నుంచి మా ఇంటికి ఆటోలో పావుగంట. కానీ మా మెట్లు ఎక్కడానికి ఆవిడ మోకాళ్ళకు ఇంకో పావుగంట కావాలి కనక రావడం తక్కువ. వచ్చిందంటే పనుంటుంది. కూర్చుని, మంచినీళ్ళు తాగి, కొంగుతో మొహం తుడుచుకుని, "టీచరమ్మా, గీ పిల్లకు కంపెనీ నుంచి ఏదో ఉత్తరమొచ్చింది. జర సదివి తెలుగుల చెప్పు" అంది. పిల్ల పేరు స్రవంతి. ఇరవై నాలుగేళ్ళది, ఇంజనీరింగు చదివి మూడేళ్ళుగా సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తున్నది, ఇంగ్లీషు నాకన్నా బాగా వచ్చినది. "నేను చెప్పిన ఆంటీ, నమ్మట్లేదు" అంటూ ఫోను నా చేతికిచ్చింది.

మెయిలు పొడుగ్గా, మెత్తగా ఉంది. స్రవంతి చేసిన సేవలకు మొదటి పేరాలో ఒకసారి, నడుమ ఒకసారి, చివర ఒకసారి థాంక్స్ చెప్పారు. ఆమె రోల్ మీద ప్రభావం పడిందన్నారు, ఎవరు పడేశారో అనలేదు. ఆమె ప్రయాణంలో రాబోయే మజిలీ గొప్పగా ఉండాలన్నారు, ఈ మజిలీలో దింపేస్తున్నామని మాత్రం ఎక్కడా అనలేదు. నేను చదువుతుంటే మణెమ్మ వదిన థాంక్స్ అన్న మాట వినబడ్డప్పుడల్లా వేలు మడుస్తూ పోయింది. "మూడుసార్లు థాంక్సులు జెప్పినోళ్ళు పిల్లను ఎట్ల తీసేస్తరు?" అంది.

"తీసేశారు వదినా."

"ఎందుకంట?"

"ఎందుకో రాయలేదు."

"మరి పొయ్యి అడగొద్దా?"

"ఎవరిని అడగాలె నానమ్మా? మెయిల్ చదివేలోపే లాగిన్ బంద్ అయింది. కార్డు సుత పనిచేస్తలేదు, గేటు కాడనే ఆపుతరు" అంది స్రవంతి. గొంతులో ఏడుపేమీ లేదు, బస్సు తప్పిపోయినట్టు చెప్పింది. మణెమ్మ వదిన కాసేపు నా మొహంలోకి చూసి, "నువ్వు సరిగ్గనే సదివినవా?" అని అడిగింది.

నలభై ఏళ్ళకు దగ్గరగా ఇంగ్లీషు పాఠాలు చెప్పి బతికినదాన్ని. ఆ ప్రశ్న ఇంకెవరైనా అడిగితే చిన్నబుచ్చుకుందును. ఆవిడకు మాత్రం అడిగే హక్కుంది. మళ్ళీ ఒకసారి, అక్షరం అక్షరం చదివి, సరిగ్గానే చదివానని చెప్పాను. వాళ్ళు టీ తాగి వెళ్ళారు. అమీర్‌పేటలో ఏదో కొత్త కోర్సులో చేరతానని, ఫికర్ చేయొద్దని మెట్లు దిగుతూ స్రవంతే నాకు ధైర్యం చెప్పింది. వాళ్ళు వెళ్ళాక నేను చాలాసేపు కప్పులు కడగలేదు.

నేను అమీర్‌పేటకు వచ్చింది తప్పి. దారి తప్పి కాదు, పరీక్ష తప్పి. పంతొమ్మిదేళ్ళు నిండిన ఏడాది డిగ్రీలో అన్నీ పాసై ఇంగ్లీషు ఒక్కటి పోగొట్టుకున్నాను. గుంటూరు జిల్లాలో మా ఊళ్ళో నన్ను ఉంచితే వచ్చేపోయేవాళ్ళకు సమాధానం చెప్పలేక చావాలని, మా అమ్మ నన్ను తన తమ్ముడి దగ్గరకు పంపింది. మా మావయ్య అమీర్‌పేట చౌరస్తాకు కాస్త ఇవతల, ఒక ఇరానీ హోటలు మీది గదిలో స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులు నడిపేవాడు. ఆయన దగ్గర చదువుకుని మళ్ళీ పరీక్ష రాయాలన్నది ఏర్పాటు. నేను వెళ్ళిన మూడో వారంలో అక్కడి టీచరుకు బ్యాంకు ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. మావయ్య నన్ను తీసుకెళ్ళి సుద్దముక్క చేతిలో పెట్టి నల్లబల్ల ముందు నిలబెట్టాడు. "నేను ఇంగ్లీషు తప్పాను కదా మావయ్యా" అన్నాను. "అందుకే చెప్పు. తప్పులు ఎక్కడుంటాయో తప్పినవాళ్ళకు తెలిసినంత పాసైనవాళ్ళకు తెలీదే" అన్నాడు. ఆ వాదనలో తప్పు నాకు కనబడలేదు. కనబడే రకాన్నయితే మొదట్లోనే పాసయ్యేదాన్నేమో.

మావయ్యా అత్తయ్యా ఉండేది బల్కంపేట వైపు పోయే ఒక సందులో, మూడు పోర్షన్ల ఇంట్లో నడిమి పోర్షను. పొద్దున అయిదింటికి అందరి బిందెలూ ఒకే వరసలో కూర్చునేవి. అత్తయ్య దాన్ని కుళాయి అనేది, పక్క పోర్షను మణెమ్మ వదిన నల్లా అనేది. నీళ్ళు ఏ పేరుకూ పలక్కుండా రోజు విడిచి రోజు వాటి ఇష్టమొచ్చినప్పుడు వచ్చేవి. వరండాలో ఒక మూల మావయ్య సైక్లోస్టైల్ యంత్రం ఉండేది. క్లాసులో పంచే కాగితాలన్నీ ఆయన మైనపు స్టెన్సిల్ మీద టైపు కొట్టి, సిరా పూసి, చేత్తో తిప్పి తీసేవాడు. అత్తయ్య లోపల కందిపప్పు వేయించి రోట్లో కందిపొడి కొడుతుంటే, బయట ఆ సిరా వాసన, తప్పు దిద్దే ఎర్ర ద్రవం వాసన, రెండూ వచ్చి దాంట్లో కలిసేవి. ఇప్పటికీ కందిపొడి అన్నంలో కలుపుకుంటే నాకు వ్యాకరణం గుర్తొస్తుంది, నెయ్యి కాస్త ఎక్కువ వేసుకోవలసి వస్తుంది. మావయ్య లాల్చీలన్నిటికీ కుడి మోచేతి దగ్గర నల్ల మచ్చలుండేవి. ఆయనతో కలిసి క్లాసుకు నడిచి వెళ్ళడమంటే ఒక గంట పని. దారిలో ప్రతి దుకాణం బోర్డు ముందూ ఆగి, స్పెల్లింగ్ తప్పుంటే లోపలికి వెళ్ళి చెప్పేవాడు. వాళ్ళు టీ ఇప్పించి పంపేవాళ్ళు, బోర్డు మాత్రం మార్చేవాళ్ళు కారు. ఇప్పుడు ఆ రోడ్డు మీద మెట్రో స్తంభాలు వచ్చాయి, బోర్డులు అంతస్తుకు పదేసి వచ్చాయి. ఆయన బతికుంటే మైత్రీవనం దాకా చేరడానికి వారం పట్టేది.

మన జనానికి ఇంగ్లీషు కావలసింది పద్యాలు చదవడానికి కాదు, పని దొరకడానికి అనేది మావయ్య సిద్ధాంతం. అందుకని మొదటి నెలంతా పని మాటలే. నూరు మాటలతో ఒక కాగితం తయారు చేశాడు. జీతానికి ఎన్ని పేర్లు, సెలవుకు ఎన్ని రంగులు, పైవాణ్ణి ఏమనాలి, కిందివాణ్ణి ఏమనకూడదు, అన్నీ అందులో ఉండేవి. ఎంప్లాయర్, ఎంప్లాయీ దగ్గర మాత్రం ప్రతి బ్యాచీ బోల్తా పడేది. ఒకాయన ఇంటర్వ్యూలో తన ఎంప్లాయీ చాలా కోపిష్టి అని, ఆయన భయానికే ఉద్యోగం మానేశానని చెప్పి వచ్చాడు. ఆ సాయంత్రం మావయ్య ఒక సూత్రం కనిపెట్టాడు: అరిచేవాడు ఎంప్లాయర్, ఈడ్చేవాడు ఎంప్లాయీ. చివర 'అర్' వస్తే అరుస్తాడు, 'ఈ' వస్తే ఈడుస్తాడు. ట్రైనర్ అరుస్తాడు, ట్రైనీ ఈడుస్తాడు. ఆ తర్వాత ఎవరూ తప్పు చెప్పలేదు. నేను కూడా ఉత్సాహంగా నా వంతు చేర్చేదాన్ని. మన భాషలో ఉద్యోగం ఊడుతుంది, పన్ను లాగా. డ్యూటీ ఎక్కుతాం, దిగుతాం, బస్సు లాగా. ఇంగ్లీషు వాళ్ళు ఎక్కరు, దిగరు, ఊడరు. వాళ్ళను 'రిలీవ్' చేస్తారు. రిలీవ్ అంటే ఊరట అని నిఘంటువులో ఉంటుంది, ఎవరికి ఊరటో ఉండదు. ఇలాంటివి చెబితే క్లాసు నవ్వేది. నవ్వించే టీచరుకు అన్నీ తెలుసునని పిల్లలనుకుంటారు. ప్రమాదమేమిటంటే టీచరు కూడా అనుకుంటుంది.

మణెమ్మ వదిన భర్త యాదగిరన్న సనత్‌నగర్‌లో ఒక ఫ్యాన్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఫ్యాను మోటారుకు సన్నటి రాగితీగ చుట్టే పని. ఎనిమిదేళ్ళు చేతిలోంచి తీగ జారీ జారీ కుడి బొటనవేలి కొస నున్నగా, మెరుస్తూ ఉండేది. మాట తక్కువ. వాళ్ళకు మూడేళ్ళ కొడుకు, ఇవాళ్టి స్రవంతి తండ్రి. ఆ ఆషాఢంలో బల్కంపేట ఎల్లమ్మ పండుగకు మెదక్ వైపు నుంచి బంధువులు దిగారు. వదిన బోనం ఎత్తింది, ఇంటి ముందు పందిరి, వంట, జనం. యాదగిరన్న నాలుగు రోజులు పనికి పోలేదు. సూపర్‌వైజరుకు నోటితో చెప్పాడు, ఆయన తలూపాడు. కాగితం మీద పెట్టాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

పండుగ అయిన వారానికి రిజిస్టర్డ్ పోస్టులో ఒక కవరు వచ్చింది. మావయ్య ఆ రోజుల్లో గుంటూరు వైపు పెళ్ళికి వెళ్ళాడు, వారం దాకా రాడు. క్లాసంతా నా రాజ్యం. నేను వరండాలో మెంతికూర ఒలుస్తుంటే యాదగిరన్న కవరు రెండు చేతులతో పట్టుకుని వచ్చాడు, వెనకాల వదిన. "టీచరమ్మా, కంపెనీ కాయిదం. జర సదివి పెట్టు" అన్నాడు. చేతులు తుడుచుకుని, ముందు మొత్తం ఇంగ్లీషులో పైకి చదివాను. అర్థం కాకపోయినా ముందు ఇంగ్లీషులో వినిపించాలి, అప్పుడే గౌరవం. మొదటి పేరాలో నాలుగు రోజులు రాలేదని ఉంది. రెండో పేరాలో ఉన్న వాక్యం ఈ జన్మకు మరిచిపోను. ఏడు రోజుల్లోగా షో కాజ్, యాజ్ టు వై యువర్ సర్వీసెస్ షుడ్ నాట్ బి టెర్మినేటెడ్.

టెర్మినేట్ నాకు తెలుసు, నూరు మాటల్లో డెబ్భయ్యోదో ఎంతో. షుడ్ నాట్ అంటే చేయకూడదు. కాజ్ అంటే కారణం. ముక్కలన్నీ తెలిసినవే, అతికించడమే తరువాయి. "నాలుగు రోజులు రాలేదట అన్నా, అది గుర్తుచేశారు. అయినా సరే, మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేయకూడదు అంటున్నారు. ఎందుకు తీసేయకూడదో కారణం ఏడు రోజుల్లో చూపిస్తారట" అన్నాను.

"ఎవలు సూపిస్తరు?" అన్నాడాయన.

"కంపెనీ వాళ్ళే."

"మరి గిదానికి రిజిస్టర్ పోస్టెందుకు?"

"ముఖ్యమైన సంగతి కదన్నా" అన్నాను, టీచరు గొంతుతో.

వదిన మొహం విచ్చుకుంది. "నేను జెప్పలే? అమ్మవారి పనికి పోయిండు, అమ్మ సూసుకుంటది అని జెప్పలే? పర్మోషనిచ్చి ఆపరేటర్‌ను జేస్తరేమో" అంది. యాదగిరన్న కవరు నా చేతిలోంచి తీసుకునేటప్పుడు దాన్ని మడత నలగకుండా తీసుకున్నాడు. ఆ సాయంత్రం మా ఇంటికి అరకిలో బాలూషాలు వచ్చాయి. నేను మూడు తిన్నాను.

మావయ్య ఆరో రోజు సాయంత్రం నాలుగింటి బస్సుకు దిగి, అన్నానికి కూర్చున్నాడు. అత్తయ్య వడ్డిస్తూ ఊరి కబుర్లు విని, ఈ ఊరి కబుర్లు చెప్పింది. "యాదగిరికి కంపెనీ నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చిందండీ, మన అమ్మడే చదివిపెట్టింది" అంది. మావయ్య సంతోషించి, ఏం రాశారే అన్నాడు. నేను ఆ వాక్యం పుస్తకం చూడకుండా అప్పజెప్పాను. మజ్జిగ పోసుకోబోతున్న చెయ్యి ఆగింది.

"మళ్ళీ చెప్పు."

చెప్పాను.

"ఏడు రోజులన్నాడా? ఇవాళ ఎన్నో రోజు?"

"ఆరు."

ఆయన అన్నంలోనే చెయ్యి కడుక్కున్నాడు. ఎప్పుడూ అలా చేయడు. "చూడవే అమ్మడూ, 'నిన్నెందుకు తన్నకూడదో చెప్పరా' అని ఎవడైనా అంటే ఏమిటి అర్థం? తన్నకూడదు అంటున్నాడనా?" అన్నాడు.

తెలుగులో అయితే రెండో తరగతి పిల్లకు తెలిసే సంగతి. మా ఊళ్ళో మా నాన్న ఆ మాటను నాతోనే ఎన్నోసార్లు అన్నాడు, ప్రతిసారీ నాకు వెంటనే అర్థమైంది, పరిగెత్తాను కూడా. అదే మాట ఇంగ్లీషులో టైపు కొట్టి రిజిస్టర్డ్ పోస్టులో వస్తే దీవెన అనుకున్నాను.

పక్క పోర్షనుకు వెళ్ళేసరికి యాదగిరన్న అప్పుడే పనినుంచి వచ్చి గుమ్మంలో కూర్చుని చెప్పులు విప్పుతున్నాడు. ఉత్తరం ఎక్కడని మావయ్య అడిగితే వదిన లోపల్నుంచి తెచ్చింది. దాన్ని ఎల్లమ్మ పటం ముందు పెట్టి నాలుగు మూలలా పసుపు రాసి, నడుమ కుంకుమ బొట్టు పెట్టింది. తేదీ మీద పడిన పసుపును మావయ్య చిటికెన వేలితో తుడిచి చూసి, నా చదువు తప్పని, ఉత్తరం అర్థం వేరని, మాటలేవీ దాచకుండా చెప్పాడు. యాదగిరన్న విన్నాడు. రెండో చెప్పు కాలికి అలాగే ఉంది.

"గట్లనా సార్. అందుకేనా ఇయ్యాల పర్సనల్ మేనేజర్ పిలిచిండు?"

పర్సొనెల్ మేనేజరును ఆ ఫ్యాక్టరీలో అందరూ పర్సనల్ మేనేజర్ అనేవారు. ఎందుకు పిలిచాడని మావయ్య అడిగాడు.

"మిఠాయి ఎందుకు పంచినవ్ అని అడిగిండు. లెటర్ వచ్చిన మర్నాడు నేను సెక్షన్ల అందరికి బాలూషాలు ఇచ్చిన. ఫస్ట్ సూపర్‌వైజర్ సార్‌కే ఇచ్చిన. కంపెనీ లెటర్ వచ్చింది సార్, నోరు తీపి జేసుకోండ్రి అన్న. ఆయన తినకుండ బల్ల మీద పెట్టిండు."

మావయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తీసేస్తామని నోటీసు ఇస్తే మిఠాయి పంచినవాడు ఈ భూమ్మీద ఇంకొకడు ఉండడు. ఫ్యాక్టరీ వాళ్ళు దాన్ని ఎగతాళి అనుకున్నారు. రాకపోవడం ఒక్కటే నేరంగా ఉన్నదానికి పొగరు కూడా జతపడింది. మొదటిది యాదగిరన్నది. రెండోది పూర్తిగా నా సంపాదన. మణెమ్మ వదిన అప్పటికే గోడ వైపు తిరిగి కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బావుండునని నాకనిపించింది.

దీపాలు పెట్టే వేళకు మా వరండాలో చాప పరిచి జవాబు మొదలుపెట్టాం. మావయ్య చెబుతుంటే నేను రాయాలి. ఎప్పుడూ రాసే పద్ధతిలో జ్వరమని రాసేద్దాం, డాక్టరు సర్టిఫికెట్ రేపు పొద్దున తెచ్చుకోవచ్చు అంది అత్తయ్య. ఆ కాలంలో ఉద్యోగస్తులందరి సెలవు చీటీల్లోనూ జ్వరమే ఉండేది. నూరు మాటల కాగితంలో కూడా 'సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్' అన్న ముక్కను విడిగా గీతగీసి పెట్టాడు మావయ్య. కానీ యాదగిరన్న ఒప్పుకోలేదు. "అమ్మ పండుగ జేసి జ్వరమని రాస్తే అమ్మ నిజంగనే పోస్తది సార్" అన్నాడు. ఒంటిమీద పొక్కులు వస్తే అమ్మ పోసింది అనే ఇళ్ళవి. ఆయనకది మాట వరస కాదు. మావయ్య రెండు నిమిషాలు ఆలోచించి, "సరే, నిజమే రాద్దాం. నిజానికి గ్రామర్ తక్కువ పడుతుంది" అన్నాడు.

పండుగ సంగతి, నోటితో చెప్పిన సంగతి రాశాం. తర్వాత మిఠాయి సంగతి. పై ఉత్తరాన్ని నాకు ఒకరు తప్పుగా వివరించినందున అన్నంతవరకు రాసి ఆగాను. "ఒకరు ఏంటే? పేరు రాయి. కింద మన ఇన్‌స్టిట్యూట్ పేరు కూడా రాయి" అన్నాడు మావయ్య.

అత్తయ్య గుమ్మంలోంచి, "ఆ ఫ్యాక్టరీ వాళ్ళు తొమ్మిది మంది మన క్లాసుకు వస్తున్నారు. మనమ్మాయికి ఇంగ్లీషు రాదని మనమే సంతకం పెట్టి పంపిస్తే రేపట్నుంచి ఎవరొస్తారండీ? ఎవరో తెలిసినవాళ్ళు చదివారని రాయండి" అంది.

"ఎవరో అంటే వాడు నమ్మడే. ఇంగ్లీషు టీచరే తప్పు చదివిందంటే నమ్ముతాడు, అంత అబద్ధం ఎవడూ కల్పించడు కనక" అన్నాడు మావయ్య. నా వైపు తిరిగి, "తప్పు చదివితే తప్పు లేదు. తప్పించుకుంటేనే తప్పు. రాయి" అన్నాడు. యాదగిరన్న "వద్దు సార్, పిల్ల పేరెందుకు" అని చెయ్యి అడ్డం పెట్టబోయాడు. నేను రాసేశాను. నా పేరును ఇంగ్లీషులో అంత శ్రద్ధగా అంతకు ముందు ఎప్పుడూ రాయలేదు. ఒక అక్షరం దిద్దాల్సి వచ్చింది కూడా.

మర్నాడు మావయ్య నాతో రాలేదు. చదివింది నువ్వు, చెప్పాల్సింది నువ్వు అన్నాడు. యాదగిరన్నా నేనూ బస్సులో సనత్‌నగర్ వెళ్ళాం. దారి పొడుగునా ఆయన కవరును చొక్కా లోపల పెట్టుకుని చేత్తో ఒత్తిపట్టుకున్నాడు. పర్సొనెల్ మేనేజరు గది చిన్నది, బల్ల పెద్దది. ఆయన కాగితం మొత్తం చదివి, కళ్ళజోడు మీదుగా నన్ను చూసి ఇంగ్లీషులో అడిగాడు, ఆ టీచరువు నువ్వేనా అని. ఆ తప్పు చేసింది నేనే అని చెప్పాలని రాత్రంతా వల్లించుకున్న వాక్యం గొంతులో తిరగబడింది. "యెస్ సర్. ఐ యామ్ ద మిస్టేక్" అన్నాను.

ఆయన నవ్వలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, తెలుగులో, "ఇప్పుడు ఆ వాక్యానికి అర్థం చెప్పమ్మా" అన్నాడు.

"మిమ్మల్ని ఉద్యోగంలోంచి ఎందుకు తీసేయకూడదో ఏడు రోజుల్లో చెప్పండి."

ఆయన యాదగిరన్న వైపు తిరిగాడు. "విన్నావు కదా. చెప్పు మరి, నిన్ను ఎందుకు తీసేయకూడదు?"

ఆ ఉత్తరం ఇంట్లోకి వచ్చిన తర్వాత ఆ ప్రశ్న ఆయనకు అర్థమయ్యే భాషలో ఆయన్ను ఎవరైనా అడగడం అదే మొదలు. యాదగిరన్న నిలబడ్డచోటే కాస్త ఆలోచించుకున్నాడు. పండుగ గురించి చెప్పలేదు, సూపర్‌వైజరు తలూపిన సంగతి చెప్పలేదు, ఇల్లూ పిల్లాడూ అనలేదు. "ఎనిమిదేండ్ల సంది తీగ సుడుతున్న సార్. నేను సుట్టిన మోటరు ఒక్కటి సుత వాపస్ రాలే. రిజిస్టర్ల సూడుండ్రి" అన్నాడు. మేనేజరు ఎవరినో పిలిచి రిజిస్టరు తెప్పించాడు. అది వచ్చేదాకా గదిలో తిరుగుతున్న ఫ్యాను చప్పుడే. ఆయన పేజీలు తిప్పి, వేలితో దింపుకుంటూ చూసి, మా కాగితం అంచున ఏదో రాసుకుని, "పో, పని చేసుకో" అన్నాడు. వారం తర్వాత ఇంకో ఉత్తరం వచ్చింది. నాలుగు రోజుల జీతం కోత, ఒక హెచ్చరిక, ఇకమీదట సెలవు కాగితం మీద పెట్టాలన్న మాట. మిఠాయి ప్రసక్తి అందులో లేదు. ఈసారి దాన్ని మావయ్య చదివాడు, నేను పక్కన కూర్చుని విన్నాను.

ఆ ఫ్యాక్టరీ నుంచి వచ్చే తొమ్మిది మందిలో నలుగురు మానేశారు. మిగిలిన అయిదుగురు ఏ వాక్యం చెప్పినా "మేడమ్, ఇది ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగేవారు. మావయ్య 'షో కాజ్' చేర్చి నూరు మాటలను నూటొక్కటి చేశాడు, ఆ నూటొకటో మాట ప్రతి బ్యాచీకీ నేనే చెప్పాలన్నాడు. చెప్పాను, ఆయన క్లాసులు మూసేసేదాకా. యాదగిరన్న రిటైరయ్యేదాకా ఆ రాగితీగే చుట్టాడు. ఆయన పోయి రెండేళ్ళయింది.

స్రవంతి మెయిలు నాకు పంపమని అడిగి పంపించుకున్నాను. ఇప్పటికి చాలాసార్లు చదివాను. ఆ ఫ్యాక్టరీ ఉత్తరంలో ఒక్క మంచి మాట లేదు, థాంక్స్ లేదు, ప్రయాణం లేదు. కరకు ఇంగ్లీషు, పైగా తలకిందులు. కానీ దాని మధ్యలో ఎక్కడో 'వై' అని ఉంది. ఎందుకు అని అడిగింది. జవాబు చెప్పుకోవడానికి ఏడు రోజులిచ్చింది, బల్లకు అవతల ఒక మనిషిని కూర్చోబెట్టింది. స్రవంతి మెయిల్లో తొమ్మిది పేరాలున్నాయి, వెతికాను, ఆ మూడక్షరాల మాట లేదు. ఉత్తరం ఎంత మెత్తబడిందో తలుపు అంత గట్టిగా మూసుకుంది. ఆ పిల్ల ఎన్ని ప్రోగ్రాములు తిరిగిరాకుండా రాసిందో చూడమని ఎవరికి చెప్పాలి, ఏ రిజిస్టరు తెప్పించాలి? ఆ రోజుల్లో చేతికి జవాబు రాసే అవకాశం ఉండీ ఉత్తరం చదవడం రాక నష్టపోయాం. ఇప్పుడు చదవడం అందరికీ వచ్చు.

సనత్‌నగర్ నుంచి ఆ మధ్యాహ్నం నేనొక్కదాన్నే తిరిగొచ్చాను, యాదగిరన్న షిఫ్టులో ఉండిపోయాడు కనక. సందు మొదట్లోనే మణెమ్మ వదిన నిలబడి ఉంది, పొద్దుట్నుంచీ అక్కడే ఉందేమో. పనిలోకి వెళ్ళాడని చెప్పాను. ఆవిడ గోడ పట్టుకుని ఒక్కసారి ఊపిరి వదిలింది. క్షమించమని అడగాలని దారంతా అనుకున్నాను. ఇంగ్లీషులో అయితే దానికి నాలుగు రకాల మాటలు క్లాసులో చెప్పేదాన్ని, తెలుగులో ఒక్కటీ నోటికి రాలేదు. "నా వల్లే వదినా, ఆరు రోజులు..." అని ఆగిపోయాను.

"ఊకో" అంది ఆవిడ, నా చెయ్యి పట్టుకుని ఇంటి వైపు నడుస్తూ. "ఏడు దినాలు ఏడ్వాల్సినోళ్ళం. నీ పుణ్యాన ఒక్క దినమే ఏడ్చినం. రా, బువ్వ తిందువు."